కదలని కొండను చూడడానికి వెళ్లి

అగ్నిపర్వతాల దగ్గర నేల ఎంత ఉబ్బింది, ఎంత కుంగింది అన్నది ఉపగ్రహ రాడార్ చిత్రాల నుంచి లెక్కగట్టడం నా ఉద్యోగం. పన్నెండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను కానీ, నేను లెక్కగట్టిన అగ్నిపర్వతాల్లో ఒక్కదాన్నైనా కళ్లతో చూడలేదు. గత అక్టోబరులో కొత్తగా రాసుకున్న ఒక ప్రోగ్రాం సరిగా పని చేస్తోందో లేదో పరీక్షించడానికి, అగ్నిపర్వతాలేవీ లేని చోటి చిత్రాలు కావలసి వచ్చాయి. పుట్టిన ఊరి మీద మమకారం కొద్దీ శ్రీకాకుళం జిల్లా చిత్రాలే తీసుకున్నాను. పన్నెండు రోజుల తేడాతో తీసిన రెండు చిత్రాలను కలిపి చూస్తే, మందస వెనుక మహేంద్రగిరి చుట్టూ ఒకటిన్నర రంగుల వలయం కనబడింది. ఆ ఉపగ్రహం లెక్కలో ఒక వలయం అంటే 2.8 సెంటీమీటర్లు, అంటే కొండ పన్నెండు రోజుల్లో నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు పైకి లేచిందన్న మాట. అదే ఇండోనేషియాలో కనబడి ఉంటే ఆ సాయంత్రమే ఎవరికో ఒకరికి ఫోను చేసి ఉండేదాన్ని. తూర్పు కనుమల రాళ్లు దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందటే కాగి చల్లారినవి. వాటి అడుగున ఇప్పుడు ఉడికేదేమీ లేదు. కాబట్టి తప్పు కొండది కాదు, నాది. ఆ తప్పును, పటంలో దాని చుట్టుపక్కల ఉన్న తక్కిన తప్పులను నేల మీద నిలబడి చూసి రావాలని సంక్రాంతి వెళ్లిన వారం బయలుదేరాను.

మొదటి రోజు: శ్రీకాకుళం, ఆమదాలవలస

మా మేనమామ సర్వే శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పని చేసి దిగిపోయిన మనిషి. ఆయన ఇల్లు ఏడురోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్త "ఏటే గుంటా, ఇలగ సిక్కిపోనావు" అని, సమాధానం కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్లి ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నెత్తళ్ల వేపుడు, చారుతో అన్నం పెట్టింది. లేత పనస అప్పుడే సంతలోకి వచ్చిందట. కాయ ఎంత పడిందో, పొట్టు కొట్టినవాడు ఎంత అడిగాడో భోజనం పూర్తయ్యే లోపల నాకు రెండు సార్లు తెలిసింది.

మధ్యాహ్నం మేడ మీద నీడలో పటం పరిచాను. రంగులెందుకని అడగకుండానే మావయ్య కళ్లజోడు సవరించుకుని, "దీనికి బెంచి మార్కు ఎక్కడ పెట్టావమ్మా?" అన్నారు. ఈ పటాలు చూపించిన చోటల్లా ఎరుపు అంటే ప్రమాదమా, నీలం అంటే క్షేమమా అని అడిగినవారే తప్ప, మొదటి ప్రశ్నగా అది అడిగినవారు ఇంతవరకు నాకు తారసపడలేదు. ఈ పద్ధతిలో ఏ చోటి ఎత్తునైనా విడిగా చెప్పడం కుదరదు. ఒక చోటు కదలలేదని ముందుగా ఒప్పుకుని, తక్కినవన్నీ దానితో పోల్చి చెప్పాలి. లెవెలింగు చేసిన మనిషికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

మిగతాది ఆయనకు ఇలా చెప్పాను. యూరప్ వారి సెంటినెల్-1 ఉపగ్రహం 693 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ నేల మీదికి ఏటవాలుగా సూక్ష్మతరంగాలను పంపుతుంది. ఆ తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. నేలకు తగిలి తిరిగి వచ్చినప్పుడు తరంగం తన ఎగుడుదిగుడుల్లో ఏ దశలో ఉందో ఉపగ్రహం నమోదు చేసుకుంటుంది. పన్నెండు రోజుల తర్వాత ఇంచుమించు అదే దారిలో వచ్చి మళ్లీ నమోదు చేసుకుంటుంది. ఈ లోపల నేల 2.8 సెంటీమీటర్లు దగ్గరికి వస్తే, పోయే దారిలో అంత, వచ్చే దారిలో అంత తగ్గి, సరిగ్గా ఒక తరంగం పొడవు తేడా వస్తుంది. పటంలో రంగులు ఒక చుట్టు తిరిగి మొదటి రంగుకు వస్తాయి. మావయ్య కాసేపు ఆలోచించి, "అయితే ఇది నిమిషాల ముల్లు ఉండి గంటల ముల్లు లేని గడియారం" అన్నారు. అంతకంటే బాగా నేను ఏనాడూ చెప్పలేకపోయాను. ముల్లు ఎక్కడ ఉందో తెలుస్తుంది, ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు. అందుకే బెంచి మార్కు దగ్గర మొదలుపెట్టి, వలయాలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ లెక్కపెట్టుకుని పోవాలి. మధ్యలో ఎక్కడైనా రంగు చెరిగిపోతే లెక్క తెగిపోతుంది.

1991లో ఎగిరిన యూరప్ ఉపగ్రహం ఈఆర్‌ఎస్-1 చిత్రాలతో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 1992 నాటి కాలిఫోర్నియా లాండర్స్ భూకంపంలో నేల జరిగిన తీరును 1993లో అచ్చు వేసి చూపించడంతో ఈ విద్యకు పేరు వచ్చింది. రెండేళ్లకు వారే ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం విస్ఫోటం సాగుతున్న నెలల్లో కుంగిందని వలయాలతో చూపించారు. ఆ ఎట్నా సంగతి మళ్లీ మందస దగ్గర చెప్పవలసి వస్తుంది.

నేను బెంచి మార్కుగా పెట్టుకున్నది ఆమదాలవలస వైపు ఒక మెరిసే చుక్క. గోడ నేలతో కలిసే మూలకు తగిలిన తరంగం వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఊళ్లన్నీ ఈ పటాల్లో కాంతివంతంగా ఉంటాయి. సాయంత్రం మావయ్య స్కూటరు మీద వెతుక్కుంటూ వెళ్తే ఆ చుక్క ఒక రైసు మిల్లు గోదాము అని తేలింది. నేను ఫోను పట్టుకుని గోడ పొడవునా నడవడం చూసి యజమాని బయటికి వచ్చి, లుంగీ దించుకుంటూ, "ఏ డిపార్ట్‌మెంటండీ?" అని అడిగాడు. ఏ డిపార్ట్‌మెంటూ కాదని చెబితే అనుమానం ఇంకా పెరిగింది. మావయ్య పాత పరిచయాలు రెండు మూడు తవ్వి తీసిన తర్వాతే కుర్చీలు, టీ వచ్చాయి. జిల్లా మొత్తాన్ని ఆయన గోదాముతో పోల్చి కొలుస్తున్నానని చెప్పాను. ఆయన కాస్త గర్వపడి, కాస్త భయపడి, "మరి మాది కదల్లేదు కదమ్మా?" అన్నాడు. కదలలేదని నేను ముందే ఒప్పుకున్నానని చెప్పే ధైర్యం లేక, లేదన్నాను.

రెండో రోజు: నౌపడ, టెక్కలి

ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయిన తర్వాత నేను బస్సెక్కడం ఇదే మొదలు. బస్సు నిండా సున్నా టికెట్లే. నా ఆధారులో బెంగళూరు చిరునామా ఉండడం చూసి కండక్టరు నిజంగానే బాధపడి, "పుట్టింది ఇక్కడే గాని కార్డు అక్కడిది కాదా మరి" అని 75 రూపాయలు తీసుకున్నాడు. పక్క సీటులోని ముసలమ్మ టెక్కలి వచ్చేదాకా నా మీద జాలి పడుతూనే ఉంది.

నౌపడ ఉప్పు మడులు పటంలో నల్లటి మరక. నున్నటి తడి నేల రాడార్‌కు అద్దం లాంటిది. ఏటవాలుగా వచ్చిన తరంగాన్ని అవతలి వైపుకు జార్చేస్తుంది, వెనక్కి ఏమీ రాదు. అక్కడ వలయాల లెక్క తెగిపోతుంది. నేను వెళ్లేసరికి కొత్త పంటకు మడులు సిద్ధం చేస్తున్నారు. నలుగురు మనుషులు వరుసగా నిలబడి బురదను కాళ్లతో తొక్కుతున్నారు. ఒక పెద్దావిడ ఒక మడిలోకి కొద్దిగా ఉప్పునీరు వదిలి, గట్టు మీద చతికిలబడి చూస్తూ కూర్చుంది. ఏం చూస్తున్నారని అడిగితే, "ఏ మూల ముందు ఆరుద్దో ఆ మూల ఎత్తు. అక్కడ గీకి ఇక్కడ ఎయ్యాల" అంది. పాతిక అడుగుల మడిలో వేలి మందం తేడాను ఆమె నీటి అంచు నడిచే తీరును బట్టి పట్టుకుంటోంది. కొంతసేపటికి ఒక మూలన బురద మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. ఆమె లేచి చెక్కతో సరిగ్గా అక్కడ రెండు సార్లు గీకి మళ్లీ వచ్చి కూర్చుంది. అగ్నిపర్వతాల దగ్గర నేల ఉబ్బును మొదట కొలిచినవారు కూడా ఇలాంటి మట్టం పనితోనే కొలిచారు. జపాన్ శాస్త్రవేత్త మోగి 1958లో ఇచ్చిన లెక్క అటువంటి కొలతల నుంచే వచ్చింది. లోతున ఒక చిన్న గోళం ఉబ్బితే పైన నేల నడిమి భాగం ఎక్కువగా, దూరం పోయే కొద్దీ తక్కువగా లేస్తుంది. గోళం ఎంత లోతులో ఉందో నడిమి నుంచి అంత దూరం పోయేసరికి లేచిన ఎత్తు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఉబ్బు ఎంత వెడల్పుగా పరుచుకుందో చూసి శిలాద్రవం ఎంత లోతున ఉందో చెప్పడం ఆ లెక్కతోనే. నేటికీ మా అందరి మొదటి అంచనా అదే.

నేను వచ్చిన పని చెప్పాక ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న మా రంగంలో అన్నిటికంటే పాతది. "నీరు పైకొచ్చిందంటే సంద్రం పెరిగినట్టా, నేల దిగినట్టా? ఎలగ తెలుస్తాది?" ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే రేవు పట్టణం ఉంది. అక్కడ రోమన్ల నాటి అంగడి శిథిలాల్లో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి నడుము ప్రాంతంలో సముద్రపు నత్తజాతి జీవులు తొలిచిన బెజ్జాలు ఉన్నాయి. కింద, పైన మాత్రం రాయి నున్నగానే ఉంది. స్తంభాలు నిలబడినవి నిలబడినట్టే నేలతో పాటు సముద్రంలోకి దిగి, మళ్లీ పైకి వచ్చాయన్న మాట. 1830లో చార్లెస్ లయల్ తన భూగర్భశాస్త్ర గ్రంథానికి ముఖచిత్రంగా ఆ స్తంభాల బొమ్మనే పెట్టుకున్నాడు. ఆ పట్టణం కాంపి ఫ్లెగ్రేయి అనే పెద్ద అగ్నిపర్వతం ఒళ్లో ఉంది. 1982 నుంచి 1984 వరకు అక్కడి నేల సుమారు 1.8 మీటర్లు లేచింది, సుమారు 40,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు, విస్ఫోటం మాత్రం జరగలేదు. 2005 నుంచి మళ్లీ లేస్తోంది. ఇప్పటికి మీటరు దాటింది. నేను ఆమెకు నత్త బెజ్జాల సంగతి, నేల లేచిన సంగతి మాత్రమే చెప్పాను. రేవులో నీరు లోతు తగ్గి పడవలు నేలకు ఆనుకున్నాయని చెప్పగానే ఆమె తక్కినదంతా వదిలేసి, "అయ్యో, మరి ఆల్లు సేపలకెలగ ఎల్తారు?" అంది.

టెక్కలిలో భోజనం 90 రూపాయలు, గోంగూర పప్పు బాగుంది, పెరుగు బాగులేదు. మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని నీలం గ్రానైటు తవ్వే కొండల వైపు వెళ్లాను. ఫోనులోని పటం చూపించిన దారి కొండ భుజం మీదుగా అవతలి ఊరికి పోవాలి. ఎర్రమట్టి దారిలో అర కిలోమీటరు పోయాక ఆటో ఆగిపోయింది. ముందు దారి లేదు, అసలు కొండే లేదు. నిలువుగా కోసిన గోడలు, అడుగున ఆకుపచ్చటి నీళ్లు, గట్టున ఎవరో ఆరేసిన తువ్వాలు. కాపలాదారు వచ్చి మమ్మల్ని కేకలు వేశాడు. ఎక్కడికి పోతున్నామో విని, "ఆ దారి ఎల్లిపోయి శానా ఏళ్లయినాది. రాయితో పాటు లారీ ఎక్కీసినాది" అని నవ్వాడు. ఆటో డ్రైవరు మాత్రం నవ్వలేదు. ముందు అనుకున్న 300 కాస్తా 400 అయ్యాయి.

నాకు ఆ వంద రూపాయలు దండగ అనిపించలేదు. నా పటంలో ఆ చోట ఉన్న చిన్న మచ్చకు కారణం అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. ఉపగ్రహం రెండోసారి వచ్చినప్పుడు దారి కొంచెం ఎడంగా ఉంటుంది కాబట్టి, కొండల ఎత్తు వల్ల కూడా వలయాలు పుడతాయి. వాటిని తీసివేయడానికి ఎత్తుల పటం కావాలి. నేను వాడినది 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ ఎండీవర్ పదకొండు రోజుల్లో కొలిచిన పటం. ఆ పటంలో ఈ కొండ ఇంకా ఉంది! లేని కొండను తీసివేయబోతే మిగిలేది నేల కదలిక లాగే కనబడుతుంది. హవాయిలో 2018 మే నుంచి ఆగస్టు వరకు కిలవేయ అగ్నిపర్వతం శిఖర బిలం అడుగు సుమారు 500 మీటర్లు కూలి దిగిపోయింది. అలాంటి చోట పాత ఎత్తుల పటంతో కొత్త చిత్రాలు చూస్తే ఇదే చిక్కు వస్తుంది. కిలవేయ మొహం చూడని నేను ఆ చిక్కును టెక్కలి గుంత గట్టున నిలబడి చూశాను.

మూడో రోజు: తేలినీలాపురం, పలాస, ఉద్దానం

తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా ఉన్నాయి. చూడవలసిన చోటే కానీ, అక్కడ నాకు పని లేదు. గంట గడిపి పలాస వెళ్లిపోయాను.

ఉద్దానం నా పటంలో ఇసుక చల్లినట్టు ఉంటుంది, ఏ రంగూ నిలవదు. కాశీబుగ్గలో రాత్రి బసకు గది 900 రూపాయలకు మాట్లాడుకుని, ఆటోలో వజ్రపుకొత్తూరు వైపు పోయేసరికి కారణం గాలిలో ఊగుతూ కనబడింది. అక్కడ కొబ్బరి, జీడిమామిడి, మునగ, పనస ఒకదాని నీడలో ఒకటి పెరుగుతాయి. 5.6 సెంటీమీటర్ల తరంగం ఆకుల దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుంది. పన్నెండు రోజుల తర్వాత ఆ ఆకు అక్కడ ఉండదు, ఉన్నా అదే వాలున ఉండదు. గంటల ముల్లు సంగతి అలా ఉంచి, ఇక్కడ నిమిషాల ముల్లు కూడా ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది.

తోటలో ఒక రైతు మట్ట మీద కూర్చోబెట్టి బొండం కొట్టి ఇచ్చాడు, డబ్బు ఇవ్వబోతే "ఇంటికొచ్చినోల్ల దగ్గర తీసుకుంటామేటి?" అని కోప్పడ్డాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తమ తోటలో ఆ రాత్రి నిలిచిన కొబ్బరి చెట్లు ఇరవై లోపేనని, ఇప్పుడున్నవి ఆ తర్వాత నాటినవేనని ఆయన చేత్తో చూపించాడు. చెట్లు పోయిన ఆ ఏడాది చిత్రాల్లో ఉద్దానం నేల నాకు బహుశా చక్కగా కనబడి ఉండేది. ఆ మాట ఆయన ముందు అనాలనిపించలేదు.

అగ్నిపర్వతాల్లో చాలా వాటికి ఇదే పరిస్థితి. జావా, సుమత్రా, బాలి కొండలన్నీ పచ్చటి తోటలు, అడవులు. అక్కడ పొడవాటి తరంగం కావాలి. సుమారు 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ తరంగం ఆకులను లక్ష్యపెట్టకుండా మానును, నేలను తాకి వస్తుంది. జపాన్ ఉపగ్రహం అలోస్ 2006 నుంచి 2011 వరకు అలాంటి తరంగంతో చిత్రాలు తీసింది. వాటితో ఆ మూడు దీవులను వెతికినవారికి ఆరు అగ్నిపర్వతాలు ఉబ్బుతూ కనబడ్డాయి. అందులో మూడు ఆ పరిశీలన కాలం ముగిసిన కొద్ది కాలానికే పేలాయి. బాలిలోని ఆగుంగ్ ఆ మూడింటిలో లేదు కానీ, ఆరింటిలో ఉంది. అది 2017 నవంబరులో మేల్కొంది. మన శ్రీహరికోట నుంచి 2025 జులై 30న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ మీద ఎగిరిన నిసార్ రాడార్ ఉపగ్రహంలో ఈ పొడవాటి తరంగమూ ఉంది, ఇస్రో వారి పొట్టి ఎస్-బ్యాండ్ తరంగమూ ఉంది. పన్నెండు మీటర్ల వల గొడుగు ఒకటి విప్పుకుని 747 కిలోమీటర్ల ఎత్తున అదీ పన్నెండు రోజులకొకసారి అదే దారికి వస్తుంది. దాని చిత్రాల్లో ఉద్దానం ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

రాత్రి కాశీబుగ్గలో జీడిపప్పు వేసిన కోడికూర తిన్నాను. పలాసలో జీడిపప్పు చవక అనుకుని రెండు కిలోలు కొందామనుకున్న నేను ధర విని అర కిలోతో సరిపెట్టుకున్నాను.

నాలుగో రోజు: మందస

ఈ దారిలో ఉపగ్రహం ఉదయం ఆరు గంటల ప్రాంతంలో పోతుంది, ఆ రోజు దాని వంతు. అందుకని నాలుగున్నరకే లేచి, ముందు రోజు మాట్లాడుకున్న కుర్రవాడి మోటారు సైకిలు మీద మందస దాటి కొండ వైపు వెళ్లాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే, దారి పక్కన నడిచే మనుషుల దుప్పట్లు మాత్రమే కనబడుతున్నాయి. 1501 మీటర్ల మహేంద్రగిరి మా ఎదుటే ఉండాలి. శిఖరం ఒడిశాలో, మేము ఆంధ్రలో. ఆరు గంటలకు ఒక చెరువు గట్టున నిలబడి పైకి చూశాను. చూడడానికి ఏమీ లేదు, వినడానికీ ఏమీ లేదు. కళ్లజోడు మీద నీటి బిందువులు చేరుతున్నాయి. కుర్రవాడు కూడా నాతో పాటు మర్యాదగా తలెత్తి చూసి, "ఎల్లిపోనాదా?" అని అడిగాడు.

మంచు బిందువులు రాడార్‌కు దాదాపు అడ్డు కావు. మబ్బుల్లో నుంచి, చీకట్లో నుంచి కూడా చూడగలగడమే దాని గొప్ప. చిక్కంతా కంటికి కనబడని నీటి ఆవిరితోనే. ఆవిరి ఎక్కువ ఉన్న గాలిలో తరంగం పిసరంత నెమ్మదిస్తుంది. ఉపగ్రహానికి తెలిసినది ఆలస్యం ఒక్కటే. ఆలస్యమైతే నేల దూరం జరిగిందనుకుంటుంది. ఆవిరి ఎక్కువ భాగం కింది రెండు మూడు కిలోమీటర్ల గాలిలోనే ఉంటుంది. కొండ శిఖరం మీద అందులో సగం దాకా ఉండదు, కింద మందస మీద అంతా ఉంటుంది. రెండోసారి చిత్రం తీసిన నాడు గాలి మరింత చెమ్మగా ఉంటే, మందస దిగిపోయినట్టు, దానితో పోల్చితే కొండ లేచినట్టు పటంలో పడుతుంది. వలయాలు ఎత్తు రేఖలను అనుసరించి కొండ చుట్టూ అందంగా కూర్చుంటాయి. ఉబ్బే అగ్నిపర్వతం కూడా అచ్చం అలాగే ఉంటుంది. అగ్నిపర్వతమూ కొండే మరి. నా అక్టోబరు వలయం ఇదే.

ఎట్నా దగ్గర జరిగిందీ ఇదే. అది 3,300 మీటర్ల పైచిలుకు కొండ. 1995లో చూపించిన ఆ కుంగుబాటు వలయాలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. ఆ తర్వాత 2000లో ఒక బృందం, ఎట్నా మొత్తాన్ని చుట్టుకున్న అలాంటి వలయాల్లో చాలా భాగం గాలి వల్లే వచ్చి ఉండవచ్చని లెక్కలతో చూపింది. మొదటివారు చేసినది చిన్న పని అని నేననను. కానీ, కదలని కొండను ముందు ఒకటి రెండు సార్లు చూసి ఉంటే అంత ధీమాగా చెప్పేవారు కాదేమో అనిపిస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారి చేత ముందు ఏ కదలికా లేని కొండకు పటం చేయించాలని నా పట్టుదల.

ఏడున్నరకు మంచు చీలి, ముందు కొండ నడుము, తర్వాత తల కనబడ్డాయి. చెరువు గట్టున కట్టెల మోపు దించుకుని కూర్చున్న సవర పెద్దాయనను, ఈ కొండ ఎప్పుడైనా కదిలినట్టు విన్నారా అని అడిగాను. అలాంటి ప్రశ్న అడిగినవారిని చూసినట్టే నన్ను చూసి, "కొండ ఎక్కడికెల్తాది? వానొచ్చే ముందు మాత్రం దగ్గరికొస్తాది" అన్నాడు. ఏ మాత్రం దగ్గరికి అంటే, పై చెట్లు లెక్కపెట్టుకోగలిగినంత అని చెయ్యి చాపి చూపించాడు. ఆయన చెప్పేది కంటికి కనబడే వెలుతురు సంగతి, నేను వెతుకుతున్నది తరంగం ఆలస్యం సంగతి. రెండూ ఒకటి కావు. కొండ దూరాన్ని నడిమి గాలి మార్చి చూపిస్తుందన్న విషయం మాత్రం ఆయన నాకంటే ముందే గమనించాడు. నేను రెండు బీడీ కట్టలు కొనిపెడతానంటే మానేశానన్నాడు.

తిరుగు దారిలో మందస కోవా కొన్నాను, పావు కిలో 120 రూపాయలు. కొట్టు వెనుక పెద్ద ఇనుప మూకుడులో పాలు మరుగుతున్నాయి. కలియబెట్టే మనిషి గరిటె ఆపకుండానే, పాలు పొంగే ముందు మీగడ నడి మధ్యన చిన్న గుమ్మటంలా లేస్తుందని, అది అంచుకు పాకకముందే మంట తగ్గించాలని చెప్పాడు. నేను అడగలేదు, అతనికి నా ఉద్యోగమూ తెలియదు. కొట్టులో కూర్చోవడానికి చోటు లేకపోయినా ఆ గుమ్మటాన్ని మూడు సార్లు చూసే వరకు అక్కడే నిలబడ్డాను.

ఐదో రోజు: తిరిగి శ్రీకాకుళం

రథసప్తమి దగ్గర పడడంతో అరసవల్లి దారిలో పందిళ్లు వేస్తున్నారు. బస్సు ఊళ్లోకి రావడానికి ముప్పావు గంట పట్టింది. మావయ్య మేడ మీద నా కోసం ఎదురు చూస్తున్నారు. నాలుగు రోజులుగా దాచుకున్న ప్రశ్న అడిగారు. "సరే, గాలీ కాదు, చెట్టూ కాదు, నిజంగానే ఉబ్బిందనుకో. అప్పుడు పేలుతుందా?"

ఉబ్బిన ప్రతిదీ పేలదు. 2014లో ఒక బృందం పద్దెనిమిదేళ్ల చిత్రాలను కలిపి 198 అగ్నిపర్వతాలను చూసింది. 54 చోట్ల నేల కదిలింది. ఆ 54లో 25 పేలాయి. అంటే సగానికి కాస్త తక్కువ. నేల కదలని వాటిలో మాత్రం నూటికి 94 పేలలేదు. కదలడం లేదన్న కబురుకే విలువ ఎక్కువన్న మాట. బొలీవియాలో ఉతురుంకు అనే కొండ ఉంది. అది చివరిసారి పేలి సుమారు రెండున్నర లక్షల ఏళ్లయింది. చుట్టూ సుమారు 70 కిలోమీటర్ల వెడల్పున నేల ఏటా ఒకటి రెండు సెంటీమీటర్లు లేస్తోందని 2002లో ఉపగ్రహ చిత్రాల వల్లే బయటపడింది. అది ఎండు పీఠభూమి, చెట్టూ లేదు, గాలిలో చెమ్మా లేదు. ఏళ్ల తరబడి చిత్రాలు పేర్చితే నేల ఉబ్బు ఏటికేడు పోగుపడుతుంది, గాలి చేసే తప్పు ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయి చెరిగిపోతుంది. అది పేలుతుందా అంటే, ఇంతవరకు పేలలేదు. గాలాపగోస్ దీవుల్లోని సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం మాత్రం 2005 నుంచి ఆరు మీటర్లకు పైగా ఉబ్బి 2018 జూన్‌లో పేలింది.

మావయ్య ఈ సంఖ్యలన్నీ తన పాత ఫీల్డు పుస్తకంలో ఖాళీగా ఉన్న పేజీలో పెన్సిలుతో రాసుకున్నారు. తర్వాత, మా లెక్కలో ఉత్తర దక్షిణాలుగా నేల జరిగితే ఎలా తెలుస్తుందని అడిగారు. ఉపగ్రహం ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగానే పోతూ పక్కకు చూస్తుంది కాబట్టి ఆ కదలిక దాదాపు తెలియదని ఒప్పుకున్నాను. "అనుకున్నాను" అన్నారు, సర్వేయరు సర్వేయరు తప్పు పట్టినప్పటి తృప్తితో. అత్త కింది నుంచి చోడి అంబలి తెచ్చి, ఉల్లిపాయ ముక్క చేతిలో పెట్టి, కొండ లేచిందో లేదో తేలిందా అని అడిగింది. లేవలేదన్నాను. "అది సూడ్డానికి అంత డబ్బెట్టుకుని ఎల్లావా?" అంది.

బెంగళూరు వచ్చాక, ఆ రెండు రోజుల వాతావరణ లెక్కలు తీసుకుని గాలి ఆలస్యాన్ని పటం నుంచి తీసివేశాను. మహేంద్రగిరి చుట్టూ ఉన్న ఒకటిన్నర వలయం అర వలయం కంటే తక్కువకు తగ్గింది. పూర్తిగా పోలేదు, వాతావరణ లెక్క గడి ఒక్కొక్కటి కొండ కంటే పెద్దది, దానికి ఆ చెరువు గట్టు మంచు తెలియదు. టెక్కలి మచ్చ దగ్గర "కొండ లేదు" అని చేత్తో రాసుకున్నాను. గోదాము చుక్కను మార్చలేదు.

మందసలో ఆ ఉదయం తర్వాత పన్నెండు రోజులకు ఉపగ్రహం మళ్లీ ఆ దారిన వెళ్లింది. ఆ పూట మావయ్య ఫోను చేసి, ఆరు గంటలకు తాను మేడ మీదే ఉన్నానని, అత్త అప్పటికే చాప పరిచి గుమ్మడి వడియాలు పెట్టడం మొదలుపెట్టిందని, మా చుక్క ఈసారి తడిగా వస్తుందేమో చూడమని చెప్పారు.